పేరు మార్చుకున్నాం, బొమ్మ మార్చుకోలేదు

(ప్రొద్దుటూరులో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగునేల అనగానే మన కళ్లముందు ఏ బొమ్మ కదులుతుంది? కొబ్బరిచెట్లు, కాలువగట్టు, గోదావరి మీద తెరచాప పడవ. పెన్న ఒడ్డున పుట్టిన మనకు కూడా ముందు అదే కదులుతుంది. మన పిల్లల డ్రాయింగు పుస్తకాలు తిరగేయండి. రెండు కొండల నడుమ సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున కొబ్బరిచెట్టు. జమ్మలమడుగు పిల్లోడు తుమ్మచెట్టు ఎందుకు వేయడు?

ఇందులో గోదావరి వాళ్ల తప్పేమీ లేదు. దామెర్ల రామారావు 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయాడు. ఆలోపే తన గోదావరిని రంగుల్లో నిలిపాడు. సిద్దిపేట కాపు రాజయ్య బతుకమ్మను, బోనాలను, పల్లె జనాన్ని గీశాడు. తెలంగాణ అందులో తన ముఖం చూసుకుంది.

మన బొమ్మ మాత్రం మనం గీయలేదు, సినిమావాళ్లు గీశారు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’. ఎండిన నేల, దుమ్ములేపే సుమోలు, వేటకొడవళ్లు. హైదరాబాదులో మన ఉద్యోగి ‘మాది పులివెందుల’ అంటే ఎదుటివాడు ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు మీలో చాలామందికి తెలుసు. పులివెందుల చీనీతోటలు అతనికెవరు చూపించారు?

1800లో నిజాం మనల్ని కంపెనీకి ఇచ్చేస్తే ‘దత్తమండలాలు’ అన్న పేరు అంటుకుంది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్నాడు. పేరు అలా వదిలించుకున్నాం. ఇతరులు గీసిన బొమ్మను ఇంకా మోస్తున్నాం.

గండికోటనే తీసుకోండి. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన గండి, దాని అంచున కోట. మన పెద్దలు నేలను చూసి పెట్టిన పేరది. ఇప్పుడు మనమే ‘ఇండియా గ్రాండ్ కాన్యన్’ అని బోర్డులు చూసి మురుస్తున్నాం.

ఆ గ్రాండ్ కాన్యన్ గొప్పదనం వెనక కూడా బొమ్మలున్నాయి. థామస్ మోరాన్ అనే చిత్రకారుడు 1871లో సర్వే బృందంతో ఎల్లోస్టోన్ వెళ్లాడు. అతని నీటిరంగుల బొమ్మలు, జాక్సన్ తీసిన ఫొటోలు అమెరికా చట్టసభ సభ్యుల ముందుకు వెళ్లాయి. 1872లో ఆ చోటును జాతీయ పార్కు చేశారు. మోరాన్ వేసిన పెద్ద చిత్రాన్ని పదివేల డాలర్లకు కొని తమ సభాభవనంలో పెట్టుకున్నారు. తర్వాత కొలరాడో లోయ చిత్రాన్నీ కొన్నారు. యూరప్‌లోలాగా పాత కోటలూ చర్చీలూ లేని ఆ దేశం, కొండల్నీ లోయల్నీ చూపించి ‘ఇదీ మేము’ అంది. అయితే ఒక మాట. అక్కడ బతికే ఆదివాసులను తర్వాత పార్కు నుంచి వెళ్లగొట్టారు. బొమ్మ కొండను కాపాడింది గానీ మనుషులను కాపాడలేదు.

మనకు ఆ సంగతి వేరే చెప్పాలా? 2020లో గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు మునిగింది. సీమకు నీళ్లు కావాలి, ఆ మాటలో మనకు రెండో అభిప్రాయం లేదు. కానీ ఆ ఊరి రచ్చబండ, వీధులు, కళ్లాలు ఎట్లుండేవో రేపు పుట్టే పిల్లలకు ఏం చూపిస్తాం? రెండువందల ఏళ్ల కిందట మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించబట్టే మన ఊళ్ల పాత సంగతులు మిగిలాయి. మునిగే ఊరికి బొమ్మల కైఫీయతు ఎవరూ రాయలేదు. సెల్‌ఫోన్లలో వేల ఫొటోలున్నాయి అంటారు. ఫోను పగిలితే అవీ పోతాయి.

మన దగ్గర రంగుల్లేవా? నల్లరేగడి, ఎర్రమల, గనుల్లో పొరలుపొరలుగా లేచే కడప బండ. ఇంత నలుపునీ బూడిదరంగునీ చిత్రకారుడు వెతుక్కుంటూ రావాలి. కరువును దాచమని మేం అనడం లేదు. తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువునూ గీయాలి. పచ్చగా ఉన్నదే గీస్తే అది మళ్లీ కొబ్బరిచెట్టు బొమ్మే అవుతుంది.

డ్రాయింగు మాస్టర్లు ఈ సభలో ఉన్నారు. మీ పిల్లల్ని గండి అంచుకు, మైలవరం కట్టమీదికి తీసుకుపోండి. పోయేటప్పుడు తాళ్లప్రొద్దుటూరు ముసలివాళ్లను ఒకరిద్దరిని వెంటబెట్టుకోండి. నీళ్లకింద ఏ ఇల్లు ఎక్కడుందో వాళ్లు చెబుతుంటే పిల్లలు గీస్తారు. సంక్రాంతి లోపలే పోండి. అది దాటితే శనగచేలు ఎండి కోతకొస్తాయి, నల్లరేగడి మీద ఆ పచ్చదనం మళ్లీ ఏడాదికి గానీ కనిపించదు.