ఆర్మీనియన్ల నృత్యమాలికలు



మా చింతాద్రిపేట నేతగాళ్ల కోసం పుట్టిన పేట. 1734 ప్రాంతంలో కుంఫిణీవారు కూవం ఒడ్డున, సుంకురామ చెట్టి తోట ఉన్న చోట దీన్ని కట్టించారు. చిన్న తరి పేట అన్నది పలుకుబడిలో చింతాద్రిపేట అయిందంటారు. తరి అంటే తమిళంలో మగ్గం. ఇక్కడి నుంచి కూవం దాటి జార్జిటౌనుకు వెళితే ఆర్మీనియన్ వీధి, అందులో 1772 నాటి ఆర్మీనియన్ చర్చి కనిపిస్తాయి. ఆర్మీనియన్ భాషలో ప్రపంచంలోకెల్లా మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’ 1794లో వెలువడింది ఈ మద్రాసు నుంచే. వ్యాపారం కోసం వచ్చిన ఆ కుటుంబాలు ఇప్పుడు ఇక్కడ లేవు. కానీ ఆ జాతి సంగీతం మాత్రం లోకమంతా వినిపిస్తోంది. వారు ఆర్కెస్ట్రా కోసం రాసుకున్న నృత్యమాలికల గురించి ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

పాశ్చాత్య సంగీతంలో ‘స్వీట్’ అనే మాట ఉంది. వినడానికి మిఠాయిలా ఉన్నా, దాని అర్థం వరుస, మాల అని. నాలుగైదు రాగాలను గుచ్చితే మనకు రాగమాలిక అయినట్టు, నాలుగైదు నృత్యాలను గుచ్చితే వారికి ఈ స్వీట్ అవుతుంది. మనం నృత్యమాలిక అందాం. బ్యాలే అంటే నర్తకులు, తెరలు, దుస్తులు, పెద్ద ఖర్చు. ఆ బ్యాలేలోంచి మంచి నృత్యాలను ఏరి మాల కడితే, నర్తకులు లేకుండానే వాద్యబృందం కచేరీలో వాయించవచ్చు. మనకిది కొత్త కాదు. నాట్యానికి పనికివచ్చే తిల్లానాను గాత్ర కచేరీ చివర పాడుతూనే ఉన్నాం కదా!

ఈ పనిలో అందరికంటే పేరు పొందినవాడు అరామ్ ఖచతూరియన్. 1903లో తిఫ్లిస్ నగరంలో, పుస్తకాలకు అట్టలు కట్టే ఆర్మీనియన్ ఇంట పుట్టాడు. పద్ధతిగా సంగీతం నేర్చుకోవడం మొదలుపెట్టింది మాస్కో వెళ్లాక, దాదాపు పందొమ్మిదో ఏట. ఆలస్యమైందని వెనుకాడే పిల్లలకు నేను ఈ మాట తరచు చెబుతుంటాను. విద్యార్థిగా ఉండగానే, 1933లో, ఆర్మీనియన్, ఉజ్బెక్ నృత్యాలు చేర్చి ఒక నృత్యమాలిక రాశాడు.

ఆయన ‘గయానే’ బ్యాలే 1942 డిసెంబరులో పెర్మ్ నగరంలో తొలిసారి ప్రదర్శితమైంది. అది యుద్ధకాలం. లెనిన్‌గ్రాడ్ కిరోవ్ నాటకశాలవారు ముట్టడి కారణంగా అక్కడికి తరలివెళ్లారు. కథ ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో జరుగుతుంది. అందులోని కత్తుల నృత్యం మీరు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. జైలోఫోన్ మీద ఒకే స్వరాన్ని సుత్తితో కొట్టినట్టు గబగబా మోగిస్తారు. నడుమ వేగం తగ్గినట్టనిపించి శాక్సఫోన్ మీద ఒక జానపద వరుస వస్తుంది. మళ్లీ కత్తులు లేస్తాయి.

‘గయానే’ కథను తరువాత మార్చారు. 1957లో మాస్కో బొల్షాయ్ నాటకశాలకు కొత్త కథే కట్టారు. అంటే నాటి ప్రభుత్వానికి నచ్చేలా అల్లిన కథ నిలవలేదు. 1943లో ఖచతూరియన్ ఏర్చి కూర్చిన మూడు నృత్యమాలికలు మాత్రం నిలిచాయి. పందిరి మారినా తీగ బతికిందన్నమాట.

ఆ తీగకు వేరు పల్లెల్లో ఉంది. కొమితాస్ అనే మతాచార్యుడు ఊరూరా తిరిగి వేల కొద్దీ జానపద గీతాలు సేకరించాడు. పల్లె నృత్యాలను పియానోకు మలిచినప్పుడు డప్పు, పిల్లనగ్రోవి ధ్వనులు ఆ మీటల మీదే వినిపించేలా రాశాడు. 1915లో ఆటోమన్ ప్రభుత్వం ఆర్మీనియన్లను లక్షల సంఖ్యలో హతమార్చినప్పుడు ఆయనను కూడా నిర్బంధించి పంపివేశారు. ప్రాణం దక్కింది కానీ మనసు చెదిరిపోయింది. 1935లో పారిస్‌లో కన్నుమూశాడు. ఆయన పాటలు విన్న ఊళ్లు ఎన్నో ఆ విపత్తులో ఖాళీ అయ్యాయి. పాట కాగితం మీద మిగిలింది.

వారి జుర్నా అనే వాద్యం మన సన్నాయికి దగ్గరి చుట్టం. ఒకరు వరుస వాయిస్తుంటే మరొకరు ఆధార స్వరం పట్టి ఉంటారు, అచ్చం మన ఒత్తులాగే. పక్కన డోలు. మన పెళ్లిపందిట్లో కూర్చోబెడితే పరాయివాళ్లనిపించరు.

ఈ చుట్టరికం పట్టుకుని మద్రాసు వచ్చినవాడు అలన్ హోవనెస్. 1911లో అమెరికాలో ఆర్మీనియన్ తండ్రికి పుట్టిన స్వరకర్త. 1959-60లో ఇక్కడ ఉండి వీణ నేర్చుకున్నాడు, మూడు వందలకు పైగా రాగాలు సేకరించాడు. నాగూరు దర్గా చూసి వచ్చి ‘నాగూరన్’ అనే కృతి రాశాడు. మద్రాసు ఆకాశవాణి దక్షిణ భారత వాద్యబృందం వాయించగా 1960 ఫిబ్రవరి 3న అది ప్రసారమైంది. 2000లో ఆయన కీర్తిశేషుడయ్యాడు.

ఆర్కెస్ట్రాలోకి ఎక్కిస్తే జానపదం చెడిపోదా అని మీరు అడగవచ్చు. కొంత పోతుంది. సన్నని గమకాలు పియానో మీటలకు అందవు. అడుగులు ఎలా వేయాలో స్వరలిపి చెప్పదు. అయినా అసలే లేకుండా పోవడం కంటే సగం మిగలడం మేలు. ఆ సగం పట్టుకునే తరువాతివాళ్లు మిగతా సగాన్ని వెతుక్కుంటారు.

మన ఇళ్లలో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. పిల్లలకు సినిమా పాట వచ్చినంత సులువుగా కోలాటం పాట రాదు. చెక్కభజన, తప్పెటగుళ్లు చూసిన పిల్లలు మరీ తక్కువ. మీ ఇంట్లో కోలాటం వరుసలు తెలిసిన అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ ఉంటే, ఆవిడ చేత పాడించి టేపులోనో ఫోనులోనో పట్టి ఉంచండి. సంగీతం వచ్చినవారు స్వరపరచండి. ఏ ఊరి పాటో, ఏ పండుగ నాడు ఆడేవారో పక్కనే రాసిపెట్టండి. మనకూ ఒక ఖచతూరియన్ పుడితే, అతనికి ముందుగా కావలసింది ఆ కాగితమే.