చర్మమున మచ్చలు: భయమును, వైద్యమును



మనలో వివాహసంబంధములు మాటలాడునప్పుడు, కన్యకుగాని వరునికిగాని చర్మమున మచ్చ యున్నదని వినినంతనే సంబంధము విడిచిపెట్టుట పరిపాటియైనది. అది యేమచ్చయో యడుగువారు లేరు. కావున మచ్చ గలవారు దానిని దాచుకొందురు. దాచుటచే మానదగిన రోగము ముదురును. అందుచే చర్మపురంగు మారుటకు గల ముఖ్యకారణములను సంగ్రహముగా మనవి చేసెదను.

తెల్లమచ్చలలో మొదటిది బొల్లి. చర్మమునకు రంగునిచ్చు కణములను శరీరరక్షణశక్తియే పొరపాటున నశింపజేయుటచే నిది కలుగును. మచ్చ పాలవలె తెల్లగా నుండును, స్పర్శజ్ఞానము చెడదు. దీనిని శ్వేతకుష్ఠమని పిలుచుటవలన గొప్ప యనర్థము కలిగినది. ఇది కుష్ఠమును కాదు, అంటురోగమును కాదు.

రెండవది శోభి. ఉక్కకును చెమటకును బూజుజాతి సూక్ష్మజీవి వృద్ధిపొంది, మెడను, రొమ్మున సన్నని పొట్టుతో మచ్చలు పుట్టును. పూతమందులతో నయమగును.

మూడవది కుష్ఠము. మచ్చ వెలవెలబోయిగాని యెఱ్ఱబారిగాని యుండును, పాలతెలుపు కాదు. అచ్చట స్పర్శ తగ్గుట ముఖ్యలక్షణము. 1873లో నార్వే వైద్యుడగు హాన్సెన్ దీని క్రిమిని కనుగొనెను. 1982లో ప్రపంచారోగ్యసంస్థ సూచించిన బహుళౌషధచికిత్స నేడు ఆరుమాసములుగాని సంవత్సరముగాని సాగును. ప్రభుత్వ వైద్యశాలలలో నుచితము. ఆలస్యమైనచో నరములు చెడి చేతివ్రేళ్లు వంకరపోవును.

చర్మము నల్లబడుటకును కారణములు గలవు. మెడవెనుక నల్లబడి దళసరియగుట పలువురియందు మధుమేహమునకు ముందుసూచన. జొన్నయే ప్రధానాహారమగు బీదలకు, ఎండ తగులు మెడయు ముంజేతులును నల్లబడి గరుకెక్కు పెల్లాగ్రా వ్యాధిని, 1960 ప్రాంతమున హైదరాబాదు పోషకాహార పరిశోధనాలయమున డాక్టరు గోపాలన్ ప్రభృతులు పరిశోధించిరి. నయాసిన్ అను విటమిను కొఱతయే దీనికి మూలము. కర్నూలు, కడప మెట్టచేలలో పండు బుడ్డలయందా విటమిను సమృద్ధిగా నున్నది. పండిన బుడ్డలన్నియు నమ్ముకొని, సంగటికి కారమే మిగుల్చుకొను గృహస్థులు దీనిని గమనింపవలయును.

1955 నాటి హిందూవివాహచట్టమున మానరాని కుష్ఠము విడాకులకు హేతువుగా నుండెను. 2019లో పార్లమెంటు దానిని తొలగించెను. చట్టము విడిచినదానిని మనము పట్టుకొనియుండుట న్యాయమా? మచ్చ కనబడినవారు కర్నూలు, కడప ప్రభుత్వ వైద్యశాలలకు వెంటనే పోవుదురుగాక. వైద్యుని యభిప్రాయము వినక మచ్చపేర సంబంధమును త్రోసివేయరాదని యీ మహాసభ తీర్మానింపవలయుననియు, ఆ తీర్మానము మొదట పెద్దల యిండ్లయందే యాచరణమునకు రావలయుననియు ప్రార్థించుచు విరమించుచున్నాను.