రోడ్డు గీత గీసినప్పుడే నీటి దారి అడగాలి
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన పక్క నుంచి పోయే కలకత్తా-చెన్నై జాతీయ రహదారి పొడవు 1700 కిలోమీటర్ల పైమాటే. పశ్చిమ బెంగాల్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు నాలుగు రాష్ట్రాలు దాటుతుంది. అందులో సగానికి పైగా మన రాష్ట్రం నేల మీదే ఉంది.

దీన్ని చాలాకాలం 5వ నెంబరు రోడ్డు అన్నాం. 2010లో నెంబర్లు మార్చినప్పుడు 16 అయింది. తర్వాత మన దగ్గర దారి కూడా మారింది. వెనక రాజమండ్రి దాటాక జొన్నాడ దగ్గర గౌతమి, రావులపాలెం దాటి సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి, తణుకు, తాడేపల్లిగూడెం మీదుగా గుండుగొలను చేరేది. ఇప్పుడు 16వ నెంబరు దివాన్‌చెరువు నుంచి కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల మీదుగా గుండుగొలను పోతోంది. పాత దారి 216ఏ అయింది. దిగువన కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా ఒంగోలు పోయే 216 ఉంది. ఖమ్మం నుంచి దేవరపల్లికి గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు చేపట్టారు. ఒక గీత జరిగితే ఒక ఊరి భూమి మిగులుతుంది, ఇంకో ఊరి భూమి పోతుంది.

రోడ్డు వద్దని నేను అనడం లేదు. మన ధాన్యం, అరటి, కొబ్బరి, చేపలు, కడియం మొక్కలు పోయేది ఈ రోడ్ల మీదే. నేను అడిగేది నీటి సంగతి. డెల్టా పల్లపు నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువ, బోదె, మురుగు డ్రెయిన్ అన్నీ వాలు చూసి తవ్వినవే. ఆ వాలుకు అడ్డంగా రోడ్డు కట్ట పోశారంటే అదొక గట్టే. తూము చాలకపోతే ఎగువ చేను మునుగుతుంది, దిగువ చేను ఎండుతుంది.

మా చేను సంగతే చెబుతాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా బోదెకు తూము పెట్టారు, కానీ చేను మట్టం కంటే జానెడు ఎత్తున పెట్టారు. సార్వాలో వాన పడితే నీళ్లు దిగవు. అప్పుడు మేమంతా రేటు గురించే మాట్లాడాం, తూము గురించి ఒక్కరం కాగితం పెట్టలేదు. కట్ట పోశాక ఎన్ని అర్జీలు పెట్టినా పలికినవాడు లేడు.

చట్టంలో మనకో గడువు ఉంది. 1956 జాతీయ రహదారుల చట్టం 3ఏ కింద ముందు నోటిఫికేషన్ ఇస్తారు. దాని సారాంశం తెలుగు పత్రికలోనూ వేయాలి. ప్రచురించిన నాటి నుంచి 21 రోజుల్లోపు 3సి కింద రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టవచ్చు. అధికారి మన మాట వినాలి. 3డి ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్ర ప్రభుత్వానిదైపోతుంది. తర్వాత మిగిలేది 3జి కింద పరిహారం లెక్క. అది నచ్చకపోతే ఆర్బిట్రేటర్ దగ్గరకు పోవచ్చు. 2015 నుంచి 2013 భూసేకరణ చట్టం లెక్కలే రోడ్లకూ వర్తిస్తున్నాయి. అంతకుముందు భూమి పోయినవారికి సొలేషియం, వడ్డీ అక్కర్లేదన్న నిబంధనను 2019లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇవన్నీ మనం పోరాడి నిలబెట్టుకోవాల్సిన హక్కులే. కానీ డబ్బు ఎంత వచ్చినా, మిగిలిన ఎకరంలో నీళ్లు నిలిస్తే ఏం లాభం?

అందుకని ప్రతి ఊరి కమిటీ ఈ పని చేయాలి. నోటిఫికేషన్ రాకముందే బోదెలు, తూములు, డ్రెయిన్లు, డొంకలు సర్వే నెంబర్లతో ఒక కాగితం మీదకు ఎక్కించండి. వరదలో నీరు ఎంత ఎత్తు నిలిచిందో పెద్దలను అడిగి రాయండి. కోత మిషను, ట్రాక్టరు అటు దాటే దారి ఎక్కడ కావాలో రాయండి. కౌలు రైతులను వదిలేయకండి, చేలో పంట వాళ్లది. 21 రోజుల్లో ఆ కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు ఇరిగేషన్ వాళ్లకూ ఇవ్వండి.

గీత కాగితం మీద ఉన్నప్పుడు రబ్బరుతో చెరపొచ్చు. కట్ట పోశాక పొక్లెయిన్ తెచ్చినా కదలదు. కాబట్టి ముందే కదులుదాం.