కాగితము లేని నగరమున కాగితపు ప్రశ్న

(మాదాపురమునందలి యొక పఠనమందిరమున జరిగిన సభలో చేయబడిన ఉపన్యాసము)



కాగితమునుగూర్చి మాటలాడుటకు ఈ సైబరాబాదుకంటె వింతయైన స్థలము వేరొకటి దొరకదని దారిపొడుగున అనుకొనుచు వచ్చితిని. 1998లో సైబర్ టవర్సు తెరువబడిన నాటినుండి ఈ ప్రాంతమువారు లోకమునకు చెప్పుచు వచ్చిన మాట యొక్కటే: ఇకమీదట కచేరీలలో దస్త్రములుండవు, రసీదులుండవు, సర్వమును తెరమీదనే జరుగును. ఈ జోస్యము మన యూర పుట్టినదికాదు. కాగితము లేని కచేరీ రాబోవుచున్నదని 1975లోనే ఒక అమెరికా వ్యాపారపత్రిక ప్రకటించెను. ఆ మాటను అది కాగితముమీదనే అచ్చువేసెననుట వేరుగా చెప్పనక్కఱలేదు.

జోస్యము సగము ఫలించినది. రైలు టిక్కెట్టు, బ్యాంకు లెక్క, విద్యుచ్ఛక్తి బిల్లు, వాటాపత్రము మన చేతులనుండి జారి ఫోనులలో చేరినవి. వార్తాపత్రికల పుటలును సన్నగిల్లినవి. ఆ దుఃఖము పత్రికలవారికే బాగుగ తెలియును. కాని గచ్చిబౌలిలోనో కొండాపురములోనో ఒక పెద్ద మేడ ద్వారముకడ ఉదయమున కొంతసేపు నిలిచి చూడుడు. అట్టపెట్టెలు గుట్టలుగా పడియుండును. అంగడికి పోవుట మానిన మనము అంగడినే పెట్టెలలో ఇంటికి రప్పించుకొనుచున్నాము. ఆ వ్యాపారమున లోకప్రసిద్ధి గన్న అమెజాన్ సంస్థ తన బ్రహ్మాండమైన కచేరీని 2019లో నానక్‌రామ్‌గూడలోనే తెరచినది. కాగితము చావలేదు, వ్రాయసకాడి కొలువు విడిచి కూలివాని పనిలో చేరినది.

1922 జులై 1వ తేదీ కాదు, 2022 జులై 1వ తేదీ మొదలు ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు పళ్ళెములు, చెంచాలు, గొట్టములు దేశమంతట నిషేధింపబడినవి. వాని స్థానమునకు కాగితమే వచ్చుచున్నది. కచేరీలలో మీరు టీ త్రాగు కాగితపు కప్పు లోపల పలుచని ప్లాస్టిక్కు పూత యుండును. అది కాగితపు వేషము వేసిన ప్లాస్టిక్కు. ఆ పూతకు బదులు ప్లాస్టిక్కు లేని పూత నెవరు చవుకగా చేయగలరో వారిదే రేపటి వ్యాపారము. మనదేశమున మనిషికి సంవత్సరమునకు పట్టు కాగితము సుమారు 15 కిలోలని పరిశ్రమవారి లెక్క. లోకపు సగటు 50 కిలోలకు పైమాట. కాబట్టి గిరాకి లేదను భయము లేదు. నార యెక్కడనుండి వచ్చునన్నదే ప్రశ్న.

మన రాష్ట్రమున కాగితమే పేరుగాగల ఊరొకటి కలదు. పూర్వము కోరుట్లలోను, కోయిలకొండలోను చేతికాగితము చేయు కుటుంబము లుండెడివి. 1938లో నైజాము ప్రభుత్వకాలమున సిర్పూరు కాగితపుమిల్లు స్థాపితమై, 1942లో కాగితము చేయ నారంభించెను; దానిచుట్టు పెరిగిన పట్టణము కాగజ్‌నగరమయ్యెను. పెద్దవాగు నీరు, ఆదిలాబాదు అడవుల వెదురు, ఈ రెంటిమీద ఒక పట్టణము బ్రతికెను. తాతయు తండ్రియు మనుమడును ఒకే ద్వారమున పనిలోనికి పోయిన ఇండ్లు అచ్చట నున్నవి. 2014 సెప్టెంబరులో ఆ మిల్లు ఆగెను. ఆ సంవత్సరమే గోదావరీ ప్రాంతమునందలి కమలాపురపు గుజ్జుమిల్లును ఆగెను. 2018లో దివాలా చట్టము క్రింద, హైదరాబాదులోని న్యాయాధికరణము ఆమోదముతో, సిర్పూరు మిల్లు జె.కె. పేపరు సంస్థ చేతికి వచ్చి తిరిగి ప్రాణము పోసికొన్నది. నడుమ గడచిన ఆ నాలుగేండ్లను గూర్చి మీరు యోచింపవలెను. కాగజ్‌నగరమున కూత వేయని మిల్లు, అద్దెకు మనుష్యులు లేని ఇండ్లు. ఇక్కడనో ఏటేట కొత్తమేడలు. మనకు ఒక్కనాడైనను అట్టపెట్టె కొరత కలుగలేదు. ఒకే రాష్ట్రమున నుండియు ఒకరి కష్టము మరియొకరికి తగులకపోవుటకు కారణమేమనగా, మన పెట్టె యెవరి చేతిలో పుట్టినదో మనకు తెలియదు.

మిల్లు లేల ఆగునో తీర్పు చెప్పుటకు నేను రాలేదు. ముడిసరుకు మాట మాత్రము చెప్పెదను. తొలినాళ్ళలో మిల్లులు ప్రభుత్వపు టడవులనుండి వెదురు తెచ్చుకొనెడివి. అడవి తరుగుచు వచ్చెను. 1988 నాటి జాతీయ అటవీవిధానము, పరిశ్రమలు తమకు కావలసిన కఱ్ఱను రైతులతో నేరుగా ఒప్పందములు చేసికొని పొలములలోనే పెంచుకొనవలెనని చెప్పెను. భద్రాచలమునకు చేరువను సారపాకలో 1979 నుండి నడుచుచున్న అట్టలమిల్లువారు ఈ మార్గమున ముందడుగు వేసిరి. మేలైన జామాయిలు చెట్టునుండి కొమ్మముక్కలు తీసి, వేళ్ళు పట్టించి, ఒకే తీరు మొక్కలను లక్షలుగా పెంచిరి. జామాయిలు, సుబాబులు, సరుగుడు, ఈ మూడును నేడు మన మిల్లుల కడుపు నింపుచున్నవి.

అడవి వేరు, కఱ్ఱపంట వేరు. ఈ భేదమును మీ కండ్లయెదుటనే 2025లో కంచ గచ్చిబౌలి చూపినది. 400 ఎకరములలో చెట్లు పడగొట్టబడుచుండగా విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపెను. జింకకు, నెమలికి నిలువ నీడయైన చోటును టన్నులతో తూచరాదు. మిల్లునకు కావలసినది పొలమున పండింపవచ్చును; అడవిని పండింపలేము.

అయితే పొలమున పండించు రైతు సంగతి యేమి? నేటి యుపన్యాసమున నాకు ముఖ్యమైనది ఇదియే. జామాయిలు నాటినవాడు నాలుగేండ్లవరకు కోతకు రాడు. నాటిననాటి ధరను చూచి నాటును. కొట్టిననాడు ధర యేమగునో వానికి తెలియదు. ఒక సంవత్సరము ధర హెచ్చినచో ఊరందరును నాటుదురు, ఊరందరును ఒక్కసారి కొట్టుదురు, ధర కూలును. కొట్టిన కఱ్ఱ నాడునాటికి ఆరి తూకము తగ్గును కావున ఆగుటకు వీలులేదు. నడుమనున్న దళారి ఆ తొందరను చక్కగ నెఱుగును. పైగా ఆసియాన్ దేశములతో 2010 నుండి అమలులోనున్న ఒప్పందమువలన అక్కడి కాగితము సుంకము లేక రేవులలో దిగుచున్నది. అది చవుకగా దిగిననాడు మిల్లు తన నష్టమును కఱ్ఱధరమీదికి నెట్టును, దళారి రైతుమీదికి నెట్టును, రైతు నెట్టుటకు ఎవరును మిగులరు. విదేశీ కాగితముపై సుంకము వేయుమని మిల్లులవారు ఢిల్లీలో మొఱ పెట్టుకొనుచున్నారు. న్యాయమే. కాని ఆ సుంకపు మేలులో ఒక పాలైనను కఱ్ఱధరగా రైతు ముంగిటికి చేరునను హామీ లేనిదే, ఆ కోరికను నేను సగము మనస్సుతోనే బలపఱతును. నీటి మాటయు మరువరాదు. భూగర్భజలములు తగ్గుచున్నవని కర్ణాటక ప్రభుత్వము 2017లో కొత్తగా జామాయిలు నాటుటను నిషేధించినది. వేళ్ళు లోతునకు పోని మన మెట్టనేలలలో సుబాబులు కొంత మేలు: అది పప్పుజాతి చెట్టు, నేలకు నత్రజని నిచ్చును, ఆకు పశువు మేయును. వెదురునకును మంచిదినములు వచ్చినవి. 1927 నాటి చట్టము చెట్టన్న వెదురును, అడవి వెలుపల పెరిగినంతవరకు, 2017 సవరణ ఆ లెక్కనుండి తొలగించెను. గడ్డిని గడ్డియని యొప్పుకొనుటకు 90 ఏండ్లు పట్టినది.

ఇక ఈ సభలోని వారి పని. 2023లో ఐరోపా సమాఖ్య ఒక చట్టము చేసినది: తమ దేశములకు వచ్చు కఱ్ఱయు కాగితమును ఏ నేలలో పెరిగినదో, ఆ నేల యున్నచోటు గుర్తుతో సహా చూపవలెను, ఇటీవల అడవి నరికిన నేలయైనచో రానీయరు. అమలు వాయిదాపడుచు వచ్చినను, చట్టము నిలిచియే యున్నది. ఖమ్మము జిల్లా రైతుపొలమునకు పటము గీచి, నాటిన తేది, కొట్టిన తేది, తూకము, ఇచ్చిన ధర వ్రాసి దాచు లెక్క కావలెను. లోకమందలి బ్యాంకుల లెక్కలన్నియు వ్రాయుచున్న ఈ వీధులవారికి అది యెంత పని? ఆ లెక్క కొనువాని కోసము మాత్రమే వ్రాయకుడు. రైతు తన ఫోనులో తెలుగున చదువుకొని, నేడు మిల్లు ద్వారమున టన్నుధర యెంతో, తనకు దళారి యిచ్చిన దెంతో పోల్చుకొనునట్లు వ్రాయుడు.

రెండవ పని మీ వంటయింటికడ నున్నది. మనదేశపు కాగితమున సుమారు మూడుపాళ్ళు పాతకాగితమునుండియే పుట్టుచున్నది. ఒక నార అయిదారు పర్యాయములు తిరిగి కాగితము కాగలదు. అయినను మన మిల్లులకు చాలినంత శుభ్రమైన పాతకాగితము దొరకదు. అమెరికావారు చదివి పారవైచిన కాగితమును ఓడలమీద తెప్పించుకొనుచున్నాము. మన యింట విప్పిన అట్టపెట్టెను సాంబారుతో తడిపి జవహర్‌నగరు చెత్తగుట్టకు పంపుచున్నాము. నూనె తగిలిన అట్టను ఏ మిల్లును తీసికొనదు. ఐ.టి.సి. సంస్థవారు 2007లో దక్షిణదేశమున ఇండ్లనుండి పొడిచెత్తను వేరుగా సేకరించు పథకము నారంభించిరి. అటువంటివి మరి పది యున్నను ఈ నగరమునకు చాలవు. వీధులవెంట తిరిగి రద్దీకాగితము కొను బండివాడు ఏ జీతమును లేక ఈ పనినే చేయుచున్నాడు. వానిని మేడల ద్వారములకడ కావలివాడు లోనికి రానీయడు.

నేను వచ్చినప్పుడు ఈ మందిర కార్యదర్శిగారు పాతపత్రికల కట్టలను చూపి, మూడునెలల కొకసారి అమ్మివేయుదుమని చెప్పిరి. అవి యెవరు కొనుచున్నారో, ఏ మిల్లునకు పోవుచున్నవో విచారించి గోడమీద వ్రాసి పెట్టెదమని మాట యిచ్చిరి. వచ్చిన జవాబును చూచుటకు మరల వచ్చెదను.