చలిగాలుల రాత్రులలో ఇంటివద్ద రైతు తీసుకొనవలసిన జాగ్రత్తలు



మన నలగొండ, మహబూబునగరం మెట్ట ప్రాంతములలో ఎండను గురించి మాట్లాడుకొనునంతగా చలిని గురించి మాట్లాడుకొనము. నెల, రెండు నెలలలో పోవునదే గదా అని ఊరకుందుము. కాని పసిబిడ్డకు, అప్పుడే పుట్టిన లేగదూడకు, యాసంగి వరినారుకు చేటు కలుగుటకు రెండు మూడు రాత్రుల చలియే చాలును.

ఆకాశము నిర్మలముగా నుండి, ఉత్తరపు పొడిగాలి వీచినప్పుడు, పగలు నేల గ్రహించిన వేడి రాత్రి పైకి పోవును. మబ్బు ఉన్నచో దుప్పటివలె ఆ వేడిని కొంత ఆపును. లేనిచో ఆపునది లేదు. మైదాన ప్రాంతములలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లేక అంతకు దిగువకు పడి, మామూలుకంటె కనీసము 4.5 డిగ్రీలు తగ్గినచో వాతావరణ శాఖవారు దానిని శీతల గాలులుగా ప్రకటింతురు. ఆ మాట చెవిని పడిన సాయంత్రమే మనము పనికి పూనుకొనవలెను.

మొదట ఇంటిలోని మనుషుల సంగతి. తలుపులు, కిటికీలు బిగించి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకొనుట మిక్కిలి ప్రమాదకరము. గాలి చాలక కాలు బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మత్తు కలిగి, నిద్రలోనే ప్రాణము పోవచ్చును. అట్టి గుర్తులు కనబడినచో వారిని వెంటనే ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోను చేయుడు. కుంపటిని వాకిట కాచుకొని, పడుకొనుటకు ముందే పూర్తిగా ఆర్పి, బయటనే ఉంచుడు.

కుంపటికంటె గొంగడి మేలు. దక్కని గొర్రెల ఉన్నితో మన కురుమలు నేయు గొంగడి పోగుల నడుమ గాలి నిలిచి, ఒంటి వేడిని బయటికి పోనీయదు. పసికందును తల్లి తన ఒంటికి ఆనించుకొని, తలకు గుడ్డ కట్టి, పైన కప్పుకొనవలెను. పుట్టిన బిడ్డకు తొలి 24 గంటలు స్నానము చేయింపరాదు. ముసలివారు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానము మానుట మంచిది.

ఇక పశువుల కొట్టము. పశువునకు చలికంటె చలితో కూడిన తడి ఎక్కువ కీడు చేయును. సాయంత్రము పేడ, మూత్రము తీసివేసి, ఎండుగడ్డి పరచుడు. గాలి వచ్చు దిక్కున గోనె పట్టాలు కట్టుడు. అయితే పైభాగమున గాలి ఆడుటకు సందు వదలుడు. రాత్రి మేతగా వరిగడ్డి లేక జొన్నచొప్ప కొంత ఎక్కువ వేయుడు. పీచు అరుగునప్పుడు కడుపులో వేడి పుట్టును. దూడ పుట్టగానే పొడిగుడ్డతో తుడిచి, గంటలోపల ముర్రుపాలు తాగింపవలెను.

చివరగా వరి నారుమడి. చలికి నారు ఎదుగక, ఆకులు పసుపుబారును. ఇది చూచి యూరియా చల్లువారు చాలమంది కలరు. చలిలో వేళ్లు ఆహారమును సరిగా తీసుకొనజాలవు గనుక దానివలన ఆశించిన ఫలము దక్కదు. కర్రలు పాతి, యూరియా సంచులు కుట్టిన పట్టాను రాత్రి మడిపై కప్పి, ఉదయము ఎండ రాగానే తీయుడు. రాత్రి నిలిచిన చల్లని నీటిని ఉదయము తీసివేసి, బావి లేక బోరు నీరు పెట్టుడు. భూగర్భపు నీరు ఆ వేళ మడి నీటికంటె వెచ్చగా నుండును. జింకు లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారి చేయుడు.

సోదరులారా, ఈ పనులకు కావలసినవి పాత గోనెలు, ఎండుగడ్డి, నాలుగు కర్రలు; ఇవి ఇంటనే ఉండును. ప్రొద్దు గూకకముందు ఒక గంట వీటికి కేటాయింపుడు. తెల్లవారి బిడ్డ, దూడ, నారు మూడును క్షేమముగా నుండుటకంటె మనకు కావలసిన ఫలము మరేమున్నది?