.32 రివాల్వర్‌లో పెద్ద తూటా ఎందుకు పట్టించకూడదంటే...

పలమనేరు నుంచి మాట్లాడుతున్నా. మన పక్క కుర్రోళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, లైసెన్స్ ఉండే .32 రివాల్వర్‌ని ఇంకా పవర్ ఉండే తూటా కాల్చేటట్టు మార్చుకోవచ్చా?" అడగడంలో తప్పు లేదు. కౌండిన్య అడవి అంచున ఉండే పల్లెల్లో రాత్రయితే ఏనుగుల భయం. ఫోన్ తెరిస్తే అమెరికా వాళ్ళ గన్ వీడియోలు.

జవాబు ముందే చెప్పేస్తా: మార్చకూడదు. ఎందుకో లెక్క చూడండి.

మనింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఆవిరి ఒత్తిడి సుమారు 15 పీఎస్ఐ. మన దేశంలో తయారయ్యే .32 రివాల్వర్ తూటా, అదే .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్, పేలినప్పుడు గరిష్ఠంగా 15,000 పీఎస్ఐ దాకా పోతుంది. అంటే వెయ్యి కుక్కర్లు! ఇంచుమించు అదే లావు గుండుతో అమెరికాలో .327 ఫెడరల్ మాగ్నమ్ అని ఇంకో తూటా ఉంది. దాని గరిష్ఠ ఒత్తిడి 45,000. మూడు వేల కుక్కర్లు. బయటినుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, పొడవే తేడా.

ఆ పొడవు కంపెనీ వాళ్ళు వేసిన తాళం. 1935లో .357 మాగ్నమ్ తెచ్చినప్పుడు .38 స్పెషల్ కంటే సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు పొడవు కావాలనే పెంచారు. పాత .38 రివాల్వర్‌లో అది దూరకూడదని. 17,000 పీఎస్ఐకి చేసిన తుపాకీలో 35,000 తూటా పడితే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. "కొంచెం మారిస్తే దూరుతుంది కదన్నా" అంటారు. దూరడం వేరు, తట్టుకోవడం వేరబ్బా.

రివాల్వర్‌లో అన్నిటికంటే పాపం సిలిండర్‌ది. ఒకే ఇనుప ముద్దలో ఆరు గదులు. గదికీ గదికీ మధ్య గోడ పల్చన. బయట పక్క సిలిండర్‌ని ఆపడానికి చేసిన గాట్లు ఉంటాయి, చాలా మోడళ్ళలో అవి సరిగ్గా గది మీదే పడతాయి. పగిలితే అక్కడే మొదలు. మొదటి తూటాకే పగలాలని రూలేం లేదు. ఇరవై కాల్చినా ఏం కాకపోవచ్చు, లోపల సన్న బీట పెరుగుతానే ఉంటుంది. "నేను కాల్చినా, ఏం కాలేదు" అనే వీడియోలని నేను నమ్మనిది అందుకే.

నిజంగా జరిగింది చెప్తా. బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ రివాల్వర్లు .455 తూటావి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయినవి అమెరికాకి చేరాయి. .455 అక్కడ దొరకదు, .45 ఏసీపీ ఎక్కడైనా దొరుకుతుంది. దానికి పట్టేటట్టు మార్చి వేలల్లో అమ్మేశారు. కానీ ఫ్యాక్టరీ .45 ఏసీపీ ఒత్తిడి ఆ తుపాకీ డిజైన్‌ని దాటిపోతుంది. ఇప్పటికీ తెలిసిన వాళ్ళెవరూ వాటిలో మామూలు .45 వెయ్యరు. ఎల్మర్ కీత్ అని ఐడహో పశువుల కాపరి, తుపాకుల రచయిత, ఆయన చేతిలోనే .45 కోల్ట్ ఒకటి పగిలింది. ఆ తర్వాత ఆయన గోడ మందం ఎక్కువుండే .44కి మారాడు. 1955లో వచ్చిన .44 మాగ్నమ్‌కి దారి అదే.

మరి మార్పు సరిగ్గా ఎట్లా చేస్తారు? మన ఇషాపూర్ ఫ్యాక్టరీనే చూడండి. 1962 చైనా యుద్ధం తర్వాత పాత .303 రైఫిల్ నమూనాని 7.62 తూటాకి మార్చారు. పాత రైఫిళ్ళకి సానబట్టి ఇవ్వలేదు. ఇంకా గట్టి ఉక్కుతో కొత్తగా చేశారు, మ్యాగజైన్ మార్చారు. సర్కారు ఫ్యాక్టరీకే ఉక్కు మార్చాల్సొస్తే, షెడ్డులో లేత్ పెట్టుకున్నోడు ఏం చేస్తాడు?

మన పల్లెల్లో నాటు తుపాకీ కథా ఇదే. "ఇంకొంచెం మందు పోస్తే దూరం పోతుంది" అని పోస్తారు. గొట్టం పగిలి వేళ్ళు, కన్ను పోయిన వార్తలు మీరూ చదివుంటారు.

చట్టం సంగతి త్వరగా చెప్తా. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీని మార్చడమే నేరం. తుపాకీకి లైసెన్స్ ఉంటే మార్చడానికి ఉన్నట్టు కాదు. 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం. పైగా కొన్ని బోర్లు మామూలు జనానికి నిషేధం.

ఇక ఏనుగు విషయం. .32 అయినా .357 అయినా రివాల్వర్ గుండు ఏనుగుకి గాయం చేస్తుంది, అంతే. గాయపడిన ఏనుగు మర్నాడు ఏ పొలంలో ఎవరి మీద పడుతుందో ఎవరికీ తెలీదు. 2025లో కర్ణాటక నుంచి తెచ్చిన కుంకీ ఏనుగులు మన దగ్గర్లోనే ముసలిమడుగు క్యాంపుకి వచ్చాయి. గుంపు దిగిందంటే దగ్గరికి పోకండి, అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చెయ్యండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ ఇషాపూర్ రైఫిల్ గురించే పూర్తిగా మాట్లాడుకుందాం. ఉంటా.