ఫ్యాన్ స్విచ్చికి మూడు కాళ్ళు
(నిరంతర విద్యా కేంద్రంలో మహిళలకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ రోజు పాడి గురించి కాదు, పొదుపు గురించి కాదు. కారు గురించి మాట్లాడుకుందాం. మనకు కారు ఎక్కడిదని నవ్వకండి. మీలో కొందరి ఇళ్ళలో మగవాళ్ళు టాక్సీ నడుపుతున్నారు. కొందరి పిల్లలు మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నారు. ఒకరిద్దరు డ్రైవింగు నేర్చుకుంటామని పేర్లు కూడా ఇచ్చారు.

ఇంజను నడిచేకొద్దీ వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్ళు మోసుకుపోతాయి. ఒట్టి నీళ్ళు కాదు, కూలెంట్ అనే మందు కలిపిన నీళ్ళు. అవి ముందు వైపున్న రేడియేటరులోకి వచ్చి, చల్లబడి, మళ్ళీ ఇంజనులోకి పోతాయి. బండి జోరుగా పోతుంటే ఎదురుగాలే చాలు. ట్రాఫిక్కులో ఆగితే గాలి ఎక్కడిది? అప్పుడు ఫ్యాను తిరగాలి. పాత అంబాసిడర్ కారులో ఇంజను తిరిగితే బెల్టుతో ఫ్యానూ తిరిగేది. తరవాత వచ్చిన కార్లలో కరెంటు ఫ్యాను పెట్టారు. అది అవసరమైనప్పుడే తిరుగుతుంది. మరి అవసరమైందని చెప్పేదెవరు? ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ ఇత్తడి ముక్క.

దీన్ని టెంపరేచర్ స్విచ్చి అంటారు. రేడియేటరుకు మరలాగా బిగించి ఉంటుంది. ఇత్తడి కొస నీళ్ళలో మునిగి ఉంటుంది. లోపల రెండు లోహాలు అతికించిన చిన్న బిళ్ళ ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. అందుకని బిళ్ళ వంగుతుంది. వంగి కరెంటును కలుపుతుంది. చల్లబడితే విడదీస్తుంది. మన కరెంటు ఇస్త్రీపెట్టెలో ఉన్న కిటుకు కూడా ఇదే.

ఇప్పుడు మీరు నేర్చుకున్న అంకెలతో పని పడింది. దీని పక్కన చెక్కిన అంకెలు చదవండి. 95-84. అంటే నీళ్ళు 95 డిగ్రీలకు వస్తే స్విచ్చి కలుస్తుంది, 84కి దిగితే విడిపోతుంది. మధ్యలో 11 డిగ్రీల తేడా ఎందుకు? ఆ తేడా లేకపోతే ఫ్యాను నిమిషానికోసారి ఆగుతూ తిరుగుతూ పాడైపోతుంది. కింద ఇంకో వరస ఉంది చూడండి. 102-91. ఇది ఫ్యాను జోరుగా తిరగడానికి. అంటే ఈ స్విచ్చి రెండు పనులు చేస్తుంది. ముందు మెల్లగా తిప్పుతుంది, చాలకపోతే జోరుగా తిప్పుతుంది. అన్ని స్విచ్చిలకూ ఇవే అంకెలు ఉండవు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద అంకెలు చదివి, అవే అంకెలున్నది అడగండి.

ఇక కాళ్ళ సంగతి. వైర్లు తగిలించే ఈ రేకులను టెర్మినల్ అంటారు. మనం కాళ్ళు అందాం.

ఒకే కాలు ఉంటే, స్విచ్చి ఇత్తడి ఒళ్ళే రెండో కాలు. రేడియేటరు ద్వారానో ఇంజను ద్వారానో బండి ఒంటికి కలుస్తుంది. దాని మర చుట్టూ తెల్ల టేపు మందంగా చుడితే కరెంటు దారి మూసుకుపోవచ్చు. రెండు కాళ్ళుంటే చింతే లేదు. ఏ వైరు ఏ కాలికి పెట్టినా ఒకటే.

చిక్కంతా మూడు కాళ్ళ దానితోనే. మామూలుగా వైర్ల మూతి ఒక్క తీరుగానే ఎక్కుతుంది, తప్పు పెట్టడానికి వీలుండదు. కానీ వేడికి మూతి కరిగిపోయి, వైర్లు విడిగా వేలాడే బండ్లు షెడ్డుకు వస్తుంటాయి. అప్పుడు ఏ కాలికి ఏ వైరు? ఒక కాలు కరెంటు వచ్చేది. దాన్ని కామన్ అంటారు. ఒకటి మెల్లగా తిప్పేది. ఒకటి జోరుగా తిప్పేది. ఇవి అన్ని కంపెనీల స్విచ్చిలలో ఒకే వరసలో ఉండవు. రంగులు చూసి చెప్పే మెకానిక్కును కూడా నేను నమ్మను. ఇంతకు ముందు ఎవరైనా వైరు మార్చి ఉంటే రంగు అబద్ధం చెబుతుంది.

ఇంట్లోనే కనిపెట్టవచ్చు. టార్చిలైటు సెల్లులు రెండు, టార్చి బల్బు ఒకటి, వైరు ముక్కలు కావాలి. వంటకు వాడని గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టండి. స్విచ్చి ఇత్తడి కొస మాత్రమే నీళ్ళలో ముంచాలి. కాళ్ళు తడవకూడదు. సెల్లు, బల్బు, స్విచ్చి ఒక దారిలో కలపండి. ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ, ఇలా రెండేసి కాళ్ళ మీద వైర్లు పెట్టి చూడండి. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు ఎక్కడా బల్బు వెలగకూడదు. వెలిగితే ఆ స్విచ్చి లోపల అంటుకుపోయింది. నీళ్ళు మరగడానికి కొంచెం ముందు ఒక జత మీద బల్బు వెలుగుతుంది. ఆ జత కామను, మెల్లది. మిగిలిపోయిన కాలు ఏది? జోరుది. దాన్ని ముట్టకుండానే తెలిసింది గదా!

జోరు కాలు పని చేస్తుందో లేదో మాత్రం ఈ గిన్నెలో తెలియదు. ఎందుకని? మూత లేని గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలు దాటవు. దానికి 102 కావాలి. కారులో ఎలా దాటుతుంది? రేడియేటరు మూత బిగువుగా ఉంటుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ప్రెషర్ కుక్కరు లాగా అన్నమాట. అందుకే వేడి మీదున్న రేడియేటరు మూత ఎప్పుడూ తిప్పకూడదు. మరిగే నీళ్ళు ఒక్కసారి మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

వెలిగిన జతలో కామన్ ఏది, మెల్లది ఏది? ఈ ప్రశ్నకు గిన్నె జవాబు చెప్పదు. కారు వైర్లు చెబుతాయి. ఇంజను చల్లగా ఉండాలి. తాళంచెవి తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా చూడాలి. టార్చి బల్బు ఇక్కడ మాడిపోతుంది. 12 వోల్టుల బల్బు తీసుకోండి. దాని ఒక వైరు బండి ఇనుముకు ఆనించి, రెండోది ఒక్కో వైరుకు తగిలించండి. ఏ వైరు మీద వెలుగుతుందో అది కరెంటు వైరు, కామనుకు పోయేది. దాన్ని మందపాటి వైరు ముక్కతో మిగిలిన వైర్లకు ఒక్కొక్కదానికీ కలపండి. ఫ్యాను మెల్లగా తిరిగితే మెల్ల వైరు. జోరుగా తిరిగితే జోరు వైరు. కలపడానికి ముందు ఫ్యాను దగ్గర ఎవరి చెయ్యీ, చీర కొంగూ లేకుండా చూసుకోండి. ఏ వైరు మీదా బల్బు వెలగకపోతే ఆ బండిలో స్విచ్చి భూమి వైపు ఉందేమో. అక్కడ పని ఆపి తెలిసినవాళ్ళను పిలవండి.

పొరపాటు పడితే ఏమవుతుంది? కామను, మెల్లది తారుమారైతే ఫ్యాను మామూలుగానే తిరుగుతుంది. కాకపోతే జోరు కరెంటు లోపలి రెండు కాంటాక్టుల మీదుగా పోయి, వాటికి అరుగుదల ఎక్కువ. కరెంటు వైరు జోరు కాలికి పెడితే మాత్రం ప్రమాదం. 95 దగ్గర ఫ్యాను కదలదు. 102 దాకా ఊరుకుంటుంది. ఎర్రటి ఎండలో సిగ్నలు దగ్గర ఆగిన బండికి అది ఆలస్యమే. హెడ్డు వంగితే, గాస్కెట్ కాలితే, ఆ ఖర్చు టాక్సీ మీద బతికే ఇంటిని అప్పుల్లోకి దించుతుంది. దానితో పోలిస్తే స్విచ్చి ఖరీదు లెక్కలోది కాదు. కాబట్టి మూడింటిలో తప్పకుండా కనిపెట్టవలసింది జోరు కాలు.

ఒక మాట మరిచిపోకండి. ఈ రోజుల్లో వచ్చే చాలా కార్లలో ఇలాంటి స్విచ్చి లేదు. సెన్సర్ ఉంటుంది. అది వేడిని కంప్యూటరుకు చెబుతుంది, కంప్యూటరు ఫ్యాను తిప్పుతుంది. చూడడానికి రెండూ ఒకేలా ఉండవచ్చు. ఆ వైర్లను ఇలా కలిపి చూడకూడదు. మూతి విప్పే ముందు ఇది స్విచ్చా, సెన్సరా అని అడిగి తెలుసుకోండి.

వైర్లు విప్పే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. కొన్ని కార్లలో తాళం తీసినా ఫ్యాను తనంతట తనే తిరుగుతుంది. ఏ కాలి వైరుకు ఆ రంగు నూలుదారం కట్టి, కాగితం మీద బొమ్మ గీసి, మీ చేత్తో పేర్లు రాయండి.

ఇక రండి, బల్ల దగ్గరికి. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. మూడు కాళ్ళ స్విచ్చిలు రెండు తెచ్చాను, ఒకటి అంటుకుపోయినది. అది ఏదో నేను చెప్పను. సెల్లు, బల్బు మీరే పట్టుకోండి.